దుమ్ములగొండి అడుగులు

ఫిబ్రవరి 2, సోమవారం

ఏడో తరగతికి ‘మన రాష్ట్రంలోని అడవి జంతువులు’ మొదలుపెట్టాను. పందొమ్మిదేళ్ళుగా ఇదే పాఠం, గోడకి ఇదే పటం. మడతల దగ్గర రంగు పోయి గుడ్డ బయటపడింది, ఎలుగుబంటికి ఒక చెవి లేదు. కొత్త పటం కావాలని అడిగితే హెడ్మాస్టరు గారు, "ఎలుగుబంటికి వినపడకపోతే మన కొంపేం మునిగిందండీ" అన్నారు.

మన దగ్గర ఇప్పుడు కనబడని జంతువు పక్కన నల్ల చుక్క పెట్టడం నా పద్ధతి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఒకటే చుక్క. ఇప్పుడు మూడు: అడవిదున్న, రేచుకుక్క, దుమ్ములగొండి, అదే హైనా. చుక్క అంటే చచ్చిపోయినట్టు కాదు, ఉందనడానికి రుజువు లేనట్టు అని ప్రతి ఏడూ చెప్తాను. ఎవరి చెవికీ ఎక్కదు.

వెనకాల నన్ను ‘రుజువమ్మ’ అంటారని తెలుసు. లెక్కల మాస్టారిని ‘సున్న’ అంటారు. ఆయనతో పోలిస్తే నేను నయం.

ఫిబ్రవరి 3, మంగళవారం

అడుగుల అచ్చులు తీయించాను. బడి వెనక కుళాయి దగ్గర బురదలో కుక్క తిరిగిన జాడలున్నాయి. అడుగు చుట్టూ అట్టముక్కని గుండ్రంగా గుచ్చి, ప్లాస్టర్ పిండి నీళ్ళలో కలిపి పోసి, అరగంట ఆగి ఎత్తాలి. పూర్తిగా ఆరకముందే వెనకవైపు మేకుతో గీయాలి: తేదీ, చోటు, ఏ కాలు, తీసినవాళ్ళ రోల్ నంబరు. ఇవి లేకపోతే అది బొమ్మే గాని రుజువు కాదని నలభై రెండు మంది చేతా రాయించాను.

కుక్కకి ముందు కాలూ వెనక కాలూ దాదాపు ఒకటే. దుమ్ములగొండికి ముందు కాలు బాగా పెద్దది, వెనకది చిన్నది. లేని జంతువు కాళ్ళ గురించి పరీక్షలో అడగను, అయినా చెప్పాను. చెప్తుంటే నాకు బావుంటుంది.

అందరూ ఒళ్ళంతా పిండి పూసుకుని ఒకళ్ళనొకళ్ళు చూసి నవ్వుకుంటుంటే మూడో బెంచీ గులకరాయి మాత్రం చెవులప్పగించి వింది. ఆ పేరు తోటి పిల్లలు పెట్టిందే. తండ్రి ఊరి చివర రాతి క్వారీకి వాచ్‌మన్. తల్లి లేదు. క్వారీ గేటు పక్క రేకుల గదిలో తండ్రీ కూతురూ ఉంటారు. బడికి వచ్చేసరికి దాని జుట్టంతా రాతి దుమ్ము. మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ.

ఫిబ్రవరి 5, గురువారం

నిన్నటి పరీక్ష పుస్తకాలు దిద్ది ఇచ్చాను. గులకరాయికి పదికి తొమ్మిది. ‘ఇప్పుడు మన దగ్గర కనబడని మూడు జంతువుల పేర్లు రాయండి’ అంటే రెండే రాసి, కింద ఇలా రాసింది: ‘దుమ్ములగొండి ఉంది. మా క్వారీ వెనక తెల్లారుజామున రెండుసార్లు చూశాను. వీపు వెనక్కి జారి ఉంటుంది. మెడ మీద జుట్టు లేచింది.’

పటంలో దుమ్ములగొండి తల ఒక్కటే ఉంటుంది. వీపు సంగతి పుస్తకంలో లేదు. నేనూ చెప్పలేదు.

ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి, ‘రుజువు? తెచ్చి చూపిస్తే మార్కు వేస్తాను’ అని రాసి పొట్టి సంతకం పెట్టాను. క్లాసులో చదివి వినిపించాను కూడా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిల్ల పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని, "నిజంగా వేస్తారా టీచర్?" అంది.

"వేస్తాను. నేను మాట తప్పను" అన్నాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

పుస్తకాలన్నీ మళ్ళీ పోగుచేసి ఇంటికి తెచ్చాను. ప్లాస్టర్ డబ్బాలో పిండి బాగా తగ్గింది. పిల్లల చేతికి ఏదిచ్చినా వృథాయే.

ఫిబ్రవరి 9, సోమవారం

గులకరాయి నిన్న తెల్లారుజామున క్వారీ వెనక గట్టు మీంచి పడిందట. రెండు నిలువుల లోతు. తండ్రి ముందు గేటు దగ్గర డ్యూటీలో ఉన్నాడు. లారీ డ్రైవరు ఎవరో చూసేసరికి ఎండ ఎక్కేసింది. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది, తుంటి దగ్గర ఒకచోట. ప్రాణానికి భయం లేదన్నారు.

హెడ్మాస్టరు గారు నన్ను పక్కకి పిలిచి, "దీనికీ మన బడికీ ఏం సంబంధం లేదు కదండీ?" అన్నారు.

"ఆదివారం కదా సార్" అన్నాను.

"అదే, అదే" అని ఊపిరి పీల్చుకున్నారు. ఆయన వచ్చే నెలాఖరుకి రిటైరవుతున్నారు. ఆ కుర్చీకి నా పేరే పైకి రాశారు. అది వేరే సంగతి.

ఫిబ్రవరి 10, మంగళవారం

మూడో బెంచీ చివర ఖాళీ. పటం చుట్టేసి బీరువా మీద పడేశాను. ‘ఉష్ణం’ పాఠం మొదలుపెట్టబోతుంటే ముందు బెంచీ పిల్ల లేచి, "టీచర్, తను మీకు రుజువు తేవడానికే..." అంది.

"కూర్చో. అడక్కుండా నోరు తెరవొద్దు."

కూర్చుంది. నలభై ఒక్క మందీ తలలు వంచుకుని రాసుకున్నారు. నేను ఇంకా ఏమీ చెప్పనేలేదు, ఏం రాసుకున్నారో మరి.

నేను క్వారీకి పొమ్మనలేదు. తెల్లారకముందే లేవమనలేదు. గట్టు ఎక్కమనలేదు. మార్కు వేస్తానన్నాను, అంతే. మార్కు వెయ్యడం టీచరు పని.

ఫిబ్రవరి 11, బుధవారం

ఆస్పత్రికి వెళ్దామనుకున్నాను. తలనొప్పి.

ఫిబ్రవరి 12, గురువారం

తలనొప్పి.

ఫిబ్రవరి 13, శుక్రవారం

పిల్లల సంక్షేమ శాఖ నుంచి ఒకావిడ వచ్చింది. నా ఈడే ఉంటుంది. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది, రాసుకునేటప్పుడు మాత్రం పెట్టుకుంటుంది. కఠినురాలేం కాదు. ఆవిడ రాక్షసి అయి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

"పేలుడు మందు ఉండే చోట రేకుల గదిలో ఆడపిల్లని వదిలేస్తాడా అండీ తండ్రన్నవాడు? తెల్లారకముందే పిల్ల లేచి వెళ్ళిపోతే ఆయనకి తెలీనే తెలీదు. అలాంటి ఇంట్లో ఎలా ఉంచుతాం? ఇరవై నాలుగున మా కమిటీ కూర్చుంటుంది. పక్క జిల్లాలో మా వసతి గృహం ఉంది. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా అక్కడే చూసుకుంటారు."

"తండ్రి ఒప్పుకుంటాడా?"

"ససేమిరా అంటున్నాడు. ఎందుకు వెళ్ళిందో నాకు తెలీదు గాని ఊరికే వెళ్ళే పిల్ల కాదు అంటాడు, అదొక్కటే మాట. మీరు క్లాసు టీచరు కదా. ఎందుకు వెళ్ళిందంటారు?"

"పిల్లలు కదండీ" అన్నాను.

కళ్ళజోడు పెట్టుకుని రాసుకుంది. పిల్లలు కదండీ అనడం అబద్ధం కాదు.

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "బడి పని మీద ఏదైనా వెళ్ళి ఉంటే వేరే సంగతి. అప్పుడు ఆయన నిర్లక్ష్యం అనడానికి ఉండదు, పిల్లని ఆయన దగ్గరే ఉంచేస్తాం" అంది. నేను కుర్చీలు సర్దుతున్నాను. కుర్చీలు చప్పుడు చేస్తాయి కాబట్టి వినబడలేదనుకోవచ్చు.

ఫిబ్రవరి 14, శనివారం

వాచ్‌మన్ వచ్చాడు. స్టాఫ్ రూమ్‌లోకి రమ్మంటే రాలేదు, చెప్పులకి దుమ్మని గుమ్మం బయటే నిలబడ్డాడు. చేతిలో తువ్వాలు మూట. విప్పితే రెండు ప్లాస్టర్ అచ్చులు. పెద్దది బాగానే ఉంది, చిన్నది రెండు ముక్కలైంది.

"పడిపోయినప్పుడు ఇవి చేతుల్లో ఉన్నాయండీ. చేతులు ఖాళీగా ఉంటే గట్టు పట్టుకునేదేమో. మీకిమ్మంది టీచరమ్మా. ఎందుకో అడిగితే చెప్పట్లేదు."

చూశాను. "కుక్కవండీ. ఒకటి పెద్ద కుక్క, ఒకటి చిన్నది" అన్నాను.

"మా దగ్గర కుక్కలు లేవు టీచరమ్మా. పేలుళ్ళ మోతకి ఒక్కటీ నిలవదు. రెండుసార్లు తెచ్చి పెంచాను, రెండూ పారిపోయాయి."

ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఊరకుక్కలు తిరుగుతుంటాయి" అన్నాను.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మీరు పెద్దవాళ్ళు. కమిటీలో నా గురించి ఒక మంచి మాట చెప్పండి. నేను దాన్ని ఎప్పుడూ ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. డ్యూటీ మానితే ఉద్యోగం పోద్ది, డ్యూటీకి వెళ్తే పిల్ల పోయేలా ఉంది. నాకేం తోచట్లేదు" అన్నాడు.

చెప్తానన్నాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

అచ్చులు బల్ల మీద పెట్టి చూస్తుంటే మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. బస్ డిపోలో ముప్పై ఏళ్ళుగా టైమ్‌కీపరు. ఇంట్లో కూడా గడియారం చూడకుండా నోట్లో ముద్ద పెట్టుకోడు.

"ఏమిటివి?"

"కుక్కల అడుగులు."

"కుక్కల అడుగులకి ఇంతసేపా? నిన్న సాయంత్రం ఐదూ నలభై నుంచీ చూస్తున్నావు." పెద్దదాన్ని తిప్పాడు. "ఇదిగో, వెనక ఏదో గీసుంది."

తిప్పి చూడాలని నాకు తట్టలేదు. తట్టలేదనే రాస్తున్నాను.

మేకుతో గీసిన అక్షరాలు. ‘8-2. క్వారీ వెనక గట్టు. ఎడమ ముందు కాలు. రో.నం. 23.’ చిన్నదాని రెండు ముక్కలూ కలిపి చూస్తే: ‘8-2. అదే చోటు. అదే జాడ. ఎడమ వెనక కాలు. రో.నం. 23.’

"రెండూ ఒకే కుక్కవా?" అన్నాడు ఈయన. "ముందు చెప్పులు పెద్ద సైజూ వెనక చెప్పులు చిన్న సైజూనా?" తన జోకుకి తనే నవ్వుకుని స్నానానికి వెళ్ళాడు.

స్కేలు పెట్టి కొలిచాను. ముందుది తొమ్మిది సెంటీమీటర్లు. వెనకది ఏడు. మళ్ళీ కొలిచాను. స్కేలు మార్చి కొలిచాను.

ఫిబ్రవరి 16, సోమవారం

నాలుగోసారి కూడా తొమ్మిది, ఏడు.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఎవరూ చదవని పుస్తకంలో కూడా నీళ్ళు నములుతున్నాను. రాసేస్తాను.

అది దుమ్ములగొండి. శనివారం గుమ్మంలో ఆ మూట విప్పగానే తెలిసింది. నిజానికి ఐదో తారీఖున ‘వీపు వెనక్కి జారి ఉంటుంది’ అని చదివినప్పుడే తెలిసింది. చూడకుండా ఎవరూ ఆ మాట రాయలేరు. పందొమ్మిదేళ్ళు పాఠం చెప్పిన నేను ఒక్కసారీ చూడలేదు, రేకుల గదిలో ఉండే పన్నెండేళ్ళ పిల్ల రెండుసార్లు చూసిందంటే నాకు ఒళ్ళు మండింది. అందుకే అందరిముందూ చదివి నవ్వించాను.

ఇంకొకటి. ఆరో తారీఖున పిండి తగ్గిందని రాశాను. పిల్లలు వృథా చెయ్యలేదు. సాయంత్రం గంట కొట్టాక గులకరాయి వచ్చి, "టీచర్, ఆ తెల్ల పిండి కొంచెం ఇస్తారా?" అని అడిగింది. ఎందుకని నేను అడగలేదు. నాకు తెలుసు. పాత పేపర్లో రెండు గ్లాసులు కొలిచి పొట్లం కట్టి ఇచ్చాను. "నీళ్ళు ఎక్కువ పొయ్యకు" అని కూడా చెప్పాను. ఇంకేం జాగ్రత్తా చెప్పలేదు. నీళ్ళ సంగతి మాత్రం చెప్పాను.

దాని పుస్తకం నా దగ్గరే ఉంది. బీరువాలో చీరల కింద పెట్టాను. నలభై రెండు పుస్తకాల్లో అదొక్కటే అక్కడుంది.

ఫిబ్రవరి 19, గురువారం

ఆస్పత్రికి వెళ్ళాను. పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం. నడుం నుంచి మడమ దాకా ప్లాస్టరు వేశారు. జుట్టులో దుమ్ము లేకపోయేసరికి అది ఎవరో వేరే పిల్లలా ఉంది. ఆ కాలు కాస్త పొట్టిగా మిగలొచ్చని నర్సు బయట చెప్పింది.

"నా కాలికి కూడా అచ్చు తీశారు టీచర్" అంది నన్ను చూడగానే.

బిస్కెట్ల పొట్లం పక్కన పెట్టాను.

"చూశారా?"

"చూశాను."

"కుక్కవన్నారంట. మా నాన్న చెప్పాడు." కోపంగా అనలేదు. "పెద్దది ముందుది టీచర్. చిన్నది వెనకది. మీరే చెప్పారు కదా. ఒకే వరసలో ఉన్నాయి. పద్నాలుగు అడుగులు లెక్కపెట్టాను. రెండిటికే సరిపోయింది పిండి."

అప్పుడైనా అనొచ్చు. నీదే రైటమ్మా అనొచ్చు. నాలుక మీద దాకా వచ్చింది. పక్క మంచం దగ్గర ఎవరో ఉన్నారు, వింటారేమోననిపించింది. "ఇంకా సరిగ్గా చూడాలి" అన్నాను.

"సరే టీచర్" అంది. బిస్కెట్ల పొట్లం విప్పకుండా దాని మీద చెయ్యి పెట్టుకుంది. "ఎక్కేటప్పుడు ఏం కాలేదు. రెండు చేతుల్లో రెండు అచ్చులు పట్టుకుని దిగుతుంటే జారింది. సంచీ తీసుకెళ్ళాల్సింది." గొంతు తగ్గించింది. "నేనెవరికీ చెప్పలేదు టీచర్."

"ఏమిటి?"

"మీరు పిండి ఇచ్చారని. మార్కు వేస్తానన్నారని. ఒకావిడ వచ్చి మళ్ళీ మళ్ళీ అడిగింది. నాకే చూడాలనిపించి వెళ్ళానన్నాను. మీ పేరు చెబితే మీకు కోపం వచ్చి వెయ్యరేమోనని."

దుప్పటి సర్దాను, అది సర్దే ఉంది. బస్ స్టాప్‌లో కూర్చుని ఏడ్చాను. ఏడుపంటే కంట్లో నీళ్ళు తుడుచుకోవడం కాదు, పక్కనున్న ఆవిడ లేచి దూరంగా వెళ్ళి నిలబడేంత.

ఫిబ్రవరి 22, ఆదివారం

చెప్తే ఏమవుతుందో లెక్కవేసుకున్నాను. మెమో ఇస్తారు. కుర్చీ పోతుంది. లెక్కల మాస్టారు ఆ కుర్చీలో కూర్చుంటాడు. చిన్నపిల్లని క్వారీకి పంపిన టీచరని పేపర్లో వేస్తారు. చెప్పకపోతే నాకు ఏమీ కాదు.

ఆ పిల్లకి వసతి గృహంలో వేళకి తిండి ఉంటుంది. మంచి బడి ఉంటుంది. దుమ్ము ఉండదు. ఇలా కూడా ఆలోచించాను. ఆలోచించానని రాస్తున్నాను.

ఫిబ్రవరి 23, సోమవారం

నిర్ణయించుకున్నాను. పుస్తకం చీరల కింద నుంచి తీసి హ్యాండ్ బ్యాగులో పెట్టుకున్నాను. రేపు కమిటీ ముందు పెట్టేస్తాను. మనసు తేలికపడింది. అన్నం సయించింది.

ఫిబ్రవరి 24, మంగళవారం

అయిపోయింది.

ఫిబ్రవరి 26, గురువారం

ఇవాళ రాయగలను.

పెద్ద గది, పొడుగు బల్ల, అటువైపు ఐదుగురు. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద టీ కప్పులు పెట్టుకున్నారు. వాచ్‌మన్‌కి కుర్చీ వేశారు గాని కూర్చోలేదు. ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు, గుండీలు ఒకటి కిందకి తప్పి పెట్టుకున్నాడు.

సంక్షేమం ఆవిడ పిల్ల చెప్పింది చదివింది. ‘నన్ను ఎవరూ పంపలేదు. నాకే జంతువుని చూడాలనిపించింది. మా నాన్నకి కూడా తెలీదు.’

చదివి కళ్ళజోడు తీసి, "చూశారా, పిల్లే చెప్తోంది, తండ్రికి తెలీదని" అంది.

నన్ను కాపాడదామని అది చెప్పిన మాట తండ్రి మెడకి చుట్టుకుంది. ఆ గదిలో ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆయనకి కూడా తెలీదు. తల అడ్డంగా ఊపుతూ, "ఊరికే వెళ్ళదండీ, నా పిల్ల ఊరికే వెళ్ళదు" అంటూనే ఉన్నాడు. "మరి ఎందుకు వెళ్ళింది?" అని ఒకాయన అడిగాడు. ఆయన దగ్గర జవాబు లేదు. జవాబు నా ఒళ్ళో హ్యాండ్ బ్యాగులో ఉంది, పుస్తకం అంచు నా మోకాలికి గుచ్చుకుంటోంది.

"టీచర్ గారూ, మీరేమైనా చెప్తారా?"

లేచాను. బ్యాగు జిప్పు మీద వేళ్ళు పెట్టాను. ఐదుగురూ నా వైపు చూశారు. మంచి చీర కట్టుకుని వెళ్ళాను, కాబోయే హెడ్మిస్ట్రెస్‌లా ఉండాలని. "పిల్ల చాలా చురుకైనదండీ. తండ్రి మంచివాడు" అన్నాను. కూర్చున్నాను.

అంతే. రెండు ముక్కలు. రెండూ నిజాలే.

బయటికి వచ్చాక వాచ్‌మన్ వరండాలో నా దగ్గరికి వచ్చి తల వంచి, "మీరొక్కరే నన్ను మంచివాడన్నారు టీచరమ్మా. మీ మేలు మర్చిపోను" అన్నాడు. ఆయన నన్ను ఒక లెంపకాయ కొట్టి ఉంటే ఇంటికి నడిచి రాగలిగేదాన్ని. ఆటో ఎక్కాను.

మార్చి 2, సోమవారం

ఆర్డరు వచ్చింది. పిల్లని శుక్రవారం తీసుకెళ్తారు.

మార్చి 3, మంగళవారం

బడి మార్పు సర్టిఫికెట్టు రాయాలని హెడ్మాస్టరు గారు ఫారం నా బల్ల మీద పెట్టారు. క్లాసు టీచరు నింపాలి. రోల్ నంబరు రాశాను. పుట్టిన తేదీ రాశాను. నడవడి దగ్గర ‘చాలా మంచిది’ అని రాశాను. తరవాతి గడి: ‘బడి మానడానికి కారణం.’

నింపాలి. ఖాళీగా వదిలితే ఫారం చెల్లదు. పందొమ్మిదేళ్ళలో ఆ గడిలో ఎన్ని వందల కారణాలు రాశానో. తండ్రికి బదిలీ, ఇల్లు మార్పు, ఆరోగ్యం. ఎవరినీ రుజువడగలేదు.

ఇలా రాశాను: ‘దుమ్ములగొండి ఉందని ఈ విద్యార్థిని సరిగ్గా రాసింది. సైన్సు టీచరు తప్పని కొట్టేసి, రుజువు తెస్తే మార్కు వేస్తానని, ప్లాస్టరు కూడా ఇచ్చింది. రుజువు తెస్తూ పడింది. ఈ సంగతి కమిటీ ముందు టీచరు దాచింది. తండ్రి తప్పు లేదు.’ గడి చాలక మార్జిన్‌లోకి పోయింది. కింద పూర్తి సంతకం పెట్టాను.

హెడ్మాస్టరు గారు చదివి కుర్చీలో వెనక్కి వాలారు. "ఇదేం రాతండీ! మీ కాళ్ళు మీరే నరుక్కుంటున్నారు. ఇంకో ఫారం ఇస్తాను, ‘తండ్రి కోరిక మీద’ అని రాసి పారెయ్యండి."

"తండ్రి కోరలేదు సార్."

"అయిపోయినదాన్ని ఇప్పుడు తవ్వితే పిల్ల కాలు అతుకుతుందా?"

"అతకదు సార్."

ఆయన చాలాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నారు. తరవాత స్టాంపు వెయ్యకుండానే ఫారం నా వైపు తోశారు. "నేను చూడలేదనుకోండి" అన్నారు.

క్లాసుకి వెళ్ళి పటం దింపాను. దుమ్ములగొండి పక్కన నల్ల చుక్కని బ్లేడుతో గీకాను. పాత గుడ్డ కదా, చిరిగింది. ముందు బెంచీ పిల్ల లేచి గోందు తెచ్చి ఇచ్చింది.

మార్చి 4, బుధవారం

దాని జవాబు మీద నేను గీసిన అడ్డగీత పక్కన ఒకటి వేశాను. తొమ్మిది కొట్టేసి పది చేశాను. పుస్తకం, అచ్చులు, ఫారం పట్టుకుని సంక్షేమం ఆవిడ ఆఫీసుకి వెళ్ళాను.

అన్నీ చూసింది. అచ్చు వెనక గీతలు వేలితో తడిమింది. కళ్ళజోడు తీసేసింది.

"ఇరవై నాలుగున ఇవి మీ దగ్గరే ఉన్నాయా?"

"బ్యాగులో ఉన్నాయండీ. పుస్తకం మాత్రం."

ఆవిడ ఏమీ తిట్టలేదు. ఒక తెల్ల కాగితం తీసి నా వాంగ్మూలం రాసుకుంది. పుస్తకం, అచ్చులు కవర్లో పెట్టి సీలు వేసింది. "ఆర్డరు పైకి వెళ్ళిపోయింది. మళ్ళీ కమిటీ కూర్చోవాలంటే తక్కువలో తక్కువ మూడు నెలలు. అప్పటిదాకా పిల్ల అక్కడ ఉండాల్సిందే. మీ మీద విడిగా విచారణ ఉంటుంది" అంది.

"మూడు నెలల తరవాత తండ్రికి ఇస్తారా?"

"చెప్పలేనండీ. ఈలోగా ఆయన ఆ రేకుల గదిలోనే ఉంటాడు కదా. కమిటీలో ఎవరుంటారో, ఏమంటారో. ఆ రోజైతే అక్కడికక్కడే తేలిపోయేది."

మార్చి 5, గురువారం

వాచ్‌మన్‌కి ఆస్పత్రి వరండాలో చెప్పాను. అంతా చెప్పాను, వరసగా, చీరల కింద దాచింది కూడా. నేల వైపు చూస్తూ విన్నాడు.

"ఊరికే వెళ్ళలేదన్నమాట" అన్నాడు చివరికి. "నేను చెప్తూనే ఉన్నాను, ఊరికే వెళ్ళదని." తరవాత, "ఆ రోజు చెప్పుంటే సరిపోయేది కదా టీచరమ్మా" అన్నాడు.

అవునన్నాను. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు, పిల్లకి తల దువ్వాలని.

ఈయనకి కూడా చెప్పాను. గడియారం చూడలేదు. అన్నం తినకుండా లేచి వెళ్ళిపోయాడు.

మార్చి 6, శుక్రవారం

వ్యాన్‌లో వెనక సీటు తీసేసి పిల్లని పడుకోబెట్టారు. తండ్రి పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. అక్కడ దిగబెట్టి సాయంత్రం బస్సుకి వెనక్కి రావాలి, డ్యూటీ ఉంది. ఒళ్ళో దాని బట్టల సంచీ. నా వైపు చూడలేదు.

తలుపు దగ్గర నిలబడ్డాను. "అది దుమ్ములగొండే. నువ్వు రాసిందే రైటు" అన్నాను.

మొహం వెలిగిపోయింది. అంత నొప్పిలోనూ. "మార్కు టీచర్?"

"వేశాను. పదికి పది. ఎర్ర సిరాతో."

"పుస్తకం తెచ్చారా?"

"లేదమ్మా. ఆఫీసులో ఇచ్చాను. సీలు వేశారు. మూడు నెలలు వాళ్ళ దగ్గరే ఉంటుంది."

కాసేపు నన్ను చూసింది. అందులో ఎగతాళి లేదు, కోపమూ లేదు. పాఠంలో సందేహం వస్తే అడిగినట్టే అడిగింది.

"రుజువు టీచర్?"

నా చేతుల్లో ఏమీ లేదు. డ్రైవరు వచ్చి, కాస్త జరగండమ్మా అని తలుపు వేశాడు.